వెలిగొండల చిరుతలను అధ్యయనం చేయడానికి అమెరికా కొండసింహాల పరిశోధన ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న: ఉదయగిరి విద్యార్థి

పెద్దలకు నమస్కారం. నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది నెల్లూరు జిల్లాలో ఉదయగిరికి పడమటి వైపు, వెలిగొండల అంచున ఉన్న పల్లె. ఎండలు ముదిరి కొండ మీది నీటిగుంటలు ఇంకిపోయే సమయానికి మా వైపు మేకలు, దూడలు మాయం కావడం ఏటా ఉన్నదే. పోయిన ప్రతి మేకా చిరుత లెక్కలోకే వెళుతుంది. అందులో ఊరకుక్కలు చంపినవెన్ని, మనుషులు తోలుకుపోయినవెన్ని అన్నది ఎవరూ తేల్చరు. ప్రాజెక్టు పనికి ఈ విషయాన్నే తీసుకుని, మా కొండల్లో చిరుతలు ఎన్ని తిరుగుతున్నాయి, అవి దేనిమీద ఆధారపడి బతుకుతున్నాయి అన్నది కొంతైనా తెలుసుకోవాలని అనుకుంటున్నాను.

దీనికోసం చదవడం మొదలుపెడితే అమెరికా కొండసింహాల మీద జరిగిన పరిశోధనలే ముందుగా కనబడ్డాయి. ప్యూమా అనీ కూగర్ అనీ పిలిచే ఆ జంతువు కెనడాలోని యూకాన్ నుంచి చిలీ దక్షిణ భాగం వరకు వ్యాపించి ఉందనీ, మన చిరుతలాగే ఒంటరిగా, ఎక్కువగా చీకటివేళల్లో తిరుగుతుందనీ, జింకలే దాని ముఖ్యాహారమనీ, బరువులో కూడా రెండూ దగ్గరగానే ఉంటాయనీ తెలిసింది. అక్కడివారు మంచులో అడుగుజాడ పట్టుకుని, వేటకుక్కలతో తరిమి చెట్టెక్కించి, మత్తు ఇచ్చి, మెడకు రేడియో కాలర్ కట్టి ఏళ్ల తరబడి వెంబడిస్తారు. మన కొండల్లో మంచు లేదు, కుక్కలతో అడవిలోకి వెళ్లే వీలు లేదు, ఒక్క జీపీఎస్ కాలర్ ఖరీదు నా చదువుకు అయ్యే మొత్తం ఖర్చును మించిపోతోంది.

కాలర్ లేకుండా చేసిన పని పరిశోధనగా నిలబడుతుందా? నిలబడేటట్లయితే కొండసింహాల పనిలో నుంచి నాలాంటి వాడు తీసుకోదగినది ఏమిటి, వదిలిపెట్టవలసినది ఏమిటి? క్షేత్రంలో పనిచేసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: వన్యప్రాణి పరిశోధకుడు, ఒంగోలు

కాలర్ సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే మీ సందేహమంతా దాని చుట్టూనే తిరుగుతోంది. కొండసింహాలకు పట్టీలు కట్టే పద్ధతి ఎందుకు వచ్చిందో తెలిస్తే, అది మీకు ఎంత అవసరమో మీరే నిర్ణయించుకోగలరు.

ఇరవయ్యో శతాబ్దం నడుమ వరకు అమెరికాలో కొండసింహాన్ని చంపినవారికి ప్రభుత్వమే బహుమతి సొమ్ము ఇచ్చేది. కాలిఫోర్నియాలో ఈ చెల్లింపు 1907 నుంచి 1963 వరకు సాగింది. జింకలను, పశువులను నాశనం చేస్తున్నదన్న ఆరోపణే దానికి ఆధారం. ఆ ఆరోపణను కొలిచి చూసినవారు మాత్రం లేరు. 1964లో మారిస్ హార్నాకర్ ఇడాహో రాష్ట్రంలోని నిర్జన పర్వత ప్రాంతంలో మొదలుపెట్టిన పని సరిగ్గా దాన్ని పరీక్షించడానికే. జింకలు, ఎల్క్‌ల (ఇవి పెద్ద జాతి జింకలు) మీద సింహాల ప్రభావం ఎంతో చెప్పాలంటే అక్కడ సింహాలు ఎన్ని ఉన్నాయో ముందు తెలియాలి. ఇక్కడే చిక్కు వచ్చింది. పెద్ద కొండసింహం ఒంటిమీద మచ్చ ఉండదు. పిల్లలకు కొన్ని నెలల పాటు మచ్చలుండి తర్వాత మాసిపోతాయి. ఈ లోయలో ఒకటి, ఆ లోయలో ఒకటి కనబడితే అవి రెండు జంతువులా, లేక ఒకటే అటూ ఇటూ తిరిగిందా అని చూసి చెప్పడం సాధ్యం కాదు. అందువల్ల కుక్కల పెంపకంలో ఆరితేరిన విల్బర్ వైల్స్ అనే స్థానికుణ్ణి తోడు తీసుకుని, శీతకాలాల్లో మంచు మీద కాలినడకన జాడ తీస్తూ, దొరికిన ప్రతి సింహాన్నీ పట్టి గుర్తు వేసి వదిలారు. మళ్లీ పట్టుబడినప్పుడు ఆ గుర్తును బట్టి అది ఎవరో తెలిసేది. అధ్యయన కాలంలో జింకలు, ఎల్క్‌లు పెరిగాయనీ, సింహాల సంఖ్య మాత్రం నిలకడగా ఉందనీ 1970లో ఆయన ప్రచురించారు. రేడియో పట్టీ ఆ తర్వాతి దశలో, ఆయన బృందంలోని జాన్ సైడెన్‌స్టికర్ చేతుల మీదుగా వచ్చింది. అదే సైడెన్‌స్టికర్ 1973లో నేపాల్‌లోని చిత్వన్‌కు వచ్చి పులులకు, చిరుతలకు రేడియో కట్టిన తొలి పరిశోధకులలో ఒకరయ్యారు. కాబట్టి ఆ కొండసింహాల విద్యకూ మన ఉపఖండానికీ సంబంధం కొత్తదేమీ కాదు.

ఇప్పుడు మీ చిరుత సంగతి చూడండి. దాని ఒంటిమీది మచ్చల అమరిక ఏ రెండింటికీ ఒకేలా ఉండదు. కొండసింహాన్ని పట్టుకుని వేయవలసిన గుర్తు చిరుతకు పుట్టుకతోనే ఉంది. అందుచేత దాన్ని ముట్టుకోకుండానే గుర్తించి లెక్కించవచ్చు. పులుల పరిశోధకుడు ఉల్లాస్ కారంత్ 1995లో ప్రచురించిన కర్ణాటకలోని నాగరహొళె అధ్యయనంలో పులుల చారలను ఇదే విధంగా కెమెరా చిత్రాల ద్వారా గుర్తించి, పట్టి వదిలిన జంతువులకు వాడే గణితాన్నే, అంటే మొదట పడినవాటిలో మళ్లీ పడినవెన్నో చూసి మొత్తాన్ని అంచనా కట్టే లెక్కనే, చిత్రాలకు వర్తింపజేశారు. నేటి జాతీయ పులుల గణన కూడా ఆ దారిలోనే నడుస్తోంది. విచిత్రమేమిటంటే, కొండసింహాల వారు కూడా ఈ సదుపాయం కోసం ప్రయత్నించారు. బొలీవియా, అర్జెంటీనా, బెలీజ్‌లలో తీసిన చిత్రాలలో గాయాల మచ్చలు, తోక వంకర వంటివి చూసి గుర్తించబోయారు గానీ, ఒకే చిత్రాన్ని చూసిన పరిశీలకులు వేర్వేరు నిర్ణయాలకు రావడంతో ఆ లెక్క ఎప్పుడూ కొంత తడబాటుతోనే ఉంటుంది. వాళ్లకు లేని సౌకర్యాన్ని చేతిలో పెట్టుకుని మీరు వాళ్ల ఇబ్బందిని అరువు తెచ్చుకోనక్కర్లేదు.

కెమెరాలు పెట్టేటప్పుడు పాటించవలసినవి కొన్ని చెబుతాను. కుడివైపు మచ్చలు, ఎడమవైపు మచ్చలు వేరు కనుక ఒక్కో చోట దారికి రెండు పక్కలా ఎదురెదురుగా రెండు కెమెరాలు ఉండాలి. మరీ సూటిగా ఎదురుపడితే ఒకదాని ఫ్లాష్ మరొకదాని చిత్రాన్ని చెడగొడుతుంది, కాబట్టి కాస్త పక్కకు జరపాలి. ఎత్తు మోకాలి దగ్గర, అంటే నేలనుంచి 40 నుంచి 45 సెంటీమీటర్లు చాలు. చిరుత కూడా మనలాగే నడవడానికి వీలైన దారినే ఎంచుకుంటుంది. బండ్ల బాటలు, మంటలు పాకకుండా చెట్లు, గడ్డి తొలగించి ఉంచే ఫైర్ లైన్లు, వాగు ఒడ్డులు, రెండు గుట్టల నడుమ కనుమలు మంచి చోట్లు. జాతీయ గణనలో రెండు చదరపు కిలోమీటర్లకు ఒక జత కెమెరాలు పెడతారు. మీకు అన్ని కెమెరాలు దొరకవు కనుక ప్రాంతాన్ని భాగాలు చేసి, ఉన్నవాటిని ఒక భాగం తర్వాత మరో భాగానికి మార్చుకోండి. అయితే మొత్తం పని రెండు నెలలలోపు ముగియాలి. అంతకు మించి సాగదీస్తే ఆ లోపల కొన్ని చావడం, కొన్ని వలసపోవడం, పిల్లలు పెద్దవి కావడం జరిగి, సంఖ్య మారలేదన్న ఊహ మీద కట్టిన గణితం కూలిపోతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. ఈ కెమెరాలు వెలుతురుకు కాదు, చుట్టుపక్కల వేడికీ జంతువు ఒంటి వేడికీ మధ్య ఉండే తేడాకు స్పందిస్తాయి. మే నెల మధ్యాహ్నం ఉదయగిరి బండల మీద ఆ తేడా దాదాపు ఉండదు, ఎదురుగా జంతువు నడిచినా కెమెరా మేలుకోదు. చిరుత రాత్రిపూట తిరుగుతుంది కనుక మీకు నష్టం తక్కువే గానీ, పగటిపూట తిరిగే దుప్పులు, కొండగొర్రెల లెక్కను ఆ చిత్రాల నుంచే తీస్తే అవి ఉన్నదానికంటే తక్కువగా కనబడతాయి. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు నెల్లూరును ఎలా ముంచుతాయో మీకు చెప్పనక్కర్లేదు. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి మార్చిలోపు ముగించడం అన్నివిధాలా మేలు.

జవాబు: విశ్రాంత అటవీ ఉద్యోగి, రాపూరు

పై మిత్రులు శాస్త్రం చెప్పారు, నేను కాగితాల సంగతి, నేల సంగతి చెబుతాను.

చిరుతపులి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలోనిది. పరిశోధన కోసమైనా సరే దాన్ని పట్టడానికి, మత్తు ఇవ్వడానికి 12వ సెక్షన్ కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావాలి. ఆయన ఆ అనుమతి ఇవ్వడానికి ముందు కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఎమ్మెస్సీ విద్యార్థి ఒంటరిగా దరఖాస్తు పెట్టుకుంటే ఇది జరిగే పని కాదు. కెమెరాలు పెట్టడానికి కూడా రాతపూర్వక అనుమతి తప్పదు. మీరు తిరిగే చోటు పెంచలకోన చుట్టూ ఉన్న పెనుశిల నరసింహ అభయారణ్యం పరిధిలోకి వస్తే ప్రవేశానికే 28వ సెక్షన్ అనుమతి కావాలి. మీ శాఖాధిపతి సంతకంతో, ఏ బీటులో (ఒక అటవీ ఉద్యోగి కాపలా పరిధిలో) ఏ నెలల్లో ఏం చేస్తారో పటంతో సహా రాసి డీఎఫ్ఓ (డివిజన్ అటవీ అధికారి) కార్యాలయంలో ముందు మాట్లాడండి. పటం జోడించిన దరఖాస్తుకు, ఊరికే రాసిన దరఖాస్తుకు తేడా ఉంటుంది. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

కెమెరాలు పోతాయన్న సంగతిని ముందే లెక్కలో వేసుకోండి. మన కొండల్లో ఎర్రచందనం ఉంది. దుంగలు మోసేవారి కంట కెమెరా పడితే అది తమ కోసమే పెట్టారని అనుకుంటారు, పగలగొడతారు లేదా పట్టుకుపోతారు. ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసినా చెట్టునే నరికిన సందర్భాలున్నాయి. బీట్ ఆఫీసరుకు, బేస్ క్యాంపు సిబ్బందికి తెలియకుండా ఏ కెమెరా పెట్టవద్దు. మీ ప్రాణానికి కూడా అదే క్షేమం.

జాడలు తీయడానికి మంచు లేదని రాశారు. వాగుల్లో ఇసుక లేదా? జనవరి నుంచి వాగు తగ్గుతూ వచ్చేకొద్దీ తడి ఇసుక అంచున పడిన అడుగు మంచులో పడినదానికి తీసిపోదు. మన వైపు యానాదుల్లో, దోర్నాల వైపు చెంచుల్లో ఈ విద్య తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. నల్లమల పులుల అభయారణ్యంలో చెంచులను రక్షణ సిబ్బందిగా తీసుకున్నది ఊరికే కాదు. అడుగు చూసి జంతువు ఎప్పుడు వెళ్లింది, నింపాదిగా నడిచిందా, దేన్నయినా పొంచి చూసిందా అన్నది వాళ్లు చెబుతుంటే పుస్తకాలు చదివినవాళ్లు నోరు మూసుకుని రాసుకోవడమే. అలాంటివారిని తోడు తీసుకుంటే కూలి సరిగ్గా ఇవ్వండి, మీ ప్రాజెక్టు నివేదికలో వారి పేరు సహాయకుడని కాకుండా జాడ నిపుణుడని రాయండి.

అయితే అడుగులు లెక్కపెట్టి చిరుతల సంఖ్య తేల్చే ప్రయత్నం మాత్రం చేయవద్దు. 1966లో రూపొందిన పద్ధతితో మన దేశంలో పులులను దశాబ్దాల పాటు పాదముద్రల ఆధారంగానే లెక్కించారు. నేల మెత్తదనాన్ని బట్టి, నడక వేగాన్ని బట్టి ఒకే కాలి ముద్ర రకరకాలుగా పడుతుంది. రాజస్థాన్‌లోని సరిస్కా అభయారణ్యంలో పులులు లేకుండా పోయిన సంగతి 2005లో బయటపడ్డాక ఆ పద్ధతిని పక్కన పెట్టారు. అడుగు మీకు కెమెరా ఎక్కడ పెట్టాలో చెబుతుంది, అంతవరకే దాన్ని నమ్మండి. చిరుత అడుగులో గోళ్లు పడవు, మడమ మెత్త వెనకవైపు మూడు పాయలుగా ఉంటుంది. గోళ్లు పడితే అది కుక్కో, హైనానో అయి ఉంటుంది. మా సిబ్బందికి వచ్చిన పులి ఫిర్యాదుల్లో చాలావాటికి అక్కడే జవాబు దొరికేది.

జవాబు: కావలి నుంచి కాలిఫోర్నియా

నేను పరిశోధకుణ్ణి కాను. ఉద్యోగం వేరు. తీరిక దినాల్లో ఇక్కడి కొండల్లో స్వచ్ఛందంగా కెమెరా కార్డులు మార్చే పని చేస్తుంటాను. ఒంగోలు మిత్రుల వాదనతో చాలావరకు ఏకీభవిస్తూనే, కాలర్‌ను అంత తేలికగా పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదని చెప్పాలి. కెమెరా ఒక చోట నిలబడి ఎవరు వచ్చారో చెబుతుంది. జంతువు అక్కణ్ణుంచి ఎటు పోయింది, రోడ్డు ఎక్కడ దాటింది, దాటలేక ఎక్కడ వెనుదిరిగింది అన్నది చెప్పదు.

లాస్ ఏంజిలస్ పక్కన శాంటా మోనికా కొండల్లో నేషనల్ పార్క్ సర్వీస్ 2002 నుంచి కొండసింహాలకు పట్టీలు కడుతోంది. ఆ కొండలను పెద్ద రహదారులు కోసివేయడం వల్ల సింహాలు బయటికి పోలేక, బయటివి లోపలికి రాలేక, దగ్గరి బంధువుల మధ్యనే సంతానం కలుగుతున్నదని తేల్చింది ఆ పట్టీలు, రక్త నమూనాలే. పీ-22 అని అంకె పెట్టిన మగ సింహం రెండు పెద్ద రహదారులు దాటి నగరం నడుమ సుమారు 17 చదరపు కిలోమీటర్ల గ్రిఫిత్ పార్కులోకి చేరింది. 2012 ఫిబ్రవరిలో అది ముందు కెమెరాకే చిక్కిందని నేను కూడా ఒప్పుకుంటాను. తర్వాత పట్టీ కట్టి, 2022 డిసెంబరులో దాన్ని కారుణ్యమరణంతో సాగనంపే వరకు పదేళ్లు గమనించారు. 101వ నంబరు రహదారి మీదుగా జంతువుల కోసం వంతెన కట్టడానికి 2022 ఏప్రిల్‌లో పని మొదలైందంటే ఆ ఏళ్ల తరబడి సమాచారమే కారణం. ఇంకో ఉదాహరణ: 2011 జూన్‌లో కనెటికట్‌లో కారు గుద్ది చనిపోయిన కొండసింహం జన్యు పరీక్షలో సౌత్ డకోటాలోని బ్లాక్ హిల్స్‌కు చెందినదని తేలింది. దారి పొడవునా దొరికిన వెంట్రుకలు, మలం, చిత్రాలతో దాని ప్రయాణాన్ని కూర్చగలిగారు గానీ, రెండువేల కిలోమీటర్లకు పైగా నడిచిన జంతువు గురించి తెలిసినది ఆ కొన్ని చుక్కలే.

వెలిగొండలకు ఇది వర్తించదా? నెల్లూరు నుంచి ఆత్మకూరు, మర్రిపాడు మీదుగా బద్వేలు వెళ్లే జాతీయ రహదారి ఆ కొండలను దాటుతోంది. దక్షిణాన 2019లో మొదలైన ఓబులవారిపల్లె – వెంకటాచలం రైలుమార్గం ఉంది. అదృష్టం బాగుండి అది కొండ కింద ఆరు కిలోమీటర్లకు మించిన సొరంగంలో పోతోంది కనుక పైన అడవి తెగలేదు. నల్లమల చిరుత శేషాచలం చేరుకోగలదా లేదా అన్నదే మీ ప్రశ్న అయితే కాలర్ లేకుండా జవాబు రావడం కష్టం.

మీకు పనికొచ్చే మరో సంగతి. 2003లో వయోమింగ్ పరిశోధకులు జీపీఎస్ పట్టీలు పంపిన స్థానాలను పటం మీద వేసి, ఒకే చోట గుంపుగా పడిన చుక్కల దగ్గరికి నడిచివెళ్లి చూస్తే అక్కడ జింక కళేబరం ఉండే అవకాశం ఎక్కువని చూపించారు. కొండసింహం వేటను ఆకులతో, మట్టితో కప్పి రోజుల తరబడి తిరిగి వచ్చి తింటుంది కనుక ఇది సాధ్యమైంది. శాంటా క్రూజ్ కొండల్లోని బృందం దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయింది. వేట దగ్గర స్పీకరు అమర్చి మనుషుల మాటలు వినిపిస్తే సింహాలు పారిపోయాయి, ఆ వేట మీద తినే సమయం సగానికి పైగా తగ్గింది; కప్పల అరుపు వినిపించినప్పుడు అలా జరగలేదు. అదే ప్రాంతంలో ఇళ్లు ఎక్కువ ఉన్నచోట తిరిగే ఆడ సింహాలు మిగతావాటికంటే 36 శాతం ఎక్కువ జింకలను చంపుతున్నాయని కూడా తేలింది. సగం తిని వదిలేయవలసి వస్తే ఆకలి తీరదు, మళ్లీ వేటాడక తప్పదు. మన పల్లెల్లో చిరుత మేకను పట్టగానే డప్పులు కొట్టి, కేకలు వేసి కళేబరాన్ని వదిలించి దూరంగా పారేస్తాం. దానివల్ల మరో మేక పోతుందేమోనన్నది ఇక్కడ కూర్చుని నేను తీర్మానించే విషయం కాదు, కానీ మీ ఊళ్లో దాన్ని పరిశీలించడం మీకే సాధ్యం.

జవాబు: వన్యప్రాణి పరిశోధకుడు, ఒంగోలు

కావలి మిత్రులు చెప్పిన రహదారుల విషయం సరైనదే. కాలర్ మన దేశంలో ఏం చెప్పగలదో మహారాష్ట్రలో పరిశోధకురాలు విద్యా ఆత్రేయ బృందం చూపించింది. 2009లో అహ్మద్‌నగర్ జిల్లాలో బావిలో పడిన ఒక ముసలి మగ చిరుతకు పట్టీ కట్టి మాల్షేజ్ ఘాట్‌లో వదిలితే, అది సుమారు 120 కిలోమీటర్లు నడిచి ముంబయి అంచుకు చేరింది. చిరుతను పట్టుకుని వేరేచోట వదిలితే సమస్య తీరుతుందన్న నమ్మకాన్ని అలాంటి సమాచారమే సడలించింది. 2023లో తిరుమల నడకదారి దుర్ఘటన తర్వాత మన రాష్ట్రంలో బోనుల గురించి ఎంత చర్చ జరిగిందో అందరికీ గుర్తుంది. బోనులో పడిన చిరుతను తర్వాత ఏం చేయాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

అయినా ఈ విద్యార్థికి కాలర్ వద్దని నేను ఇంకా గట్టిగానే అంటాను. మత్తు ఇచ్చిన జంతువు ఒంటి వేడిని తనంతట తాను అదుపు చేసుకోలేదు. నెల్లూరు ఎండల్లో అది ప్రాణాంతకం. మత్తు పూర్తిగా ఎక్కేలోపు బావిలోనో, బండల సందులోనో పడవచ్చు. పశువైద్యుడు, అనుభవమున్న బృందం, అత్యవసర మందులు లేకుండా ఆ పనికి పూనుకోకూడదు. పైగా ఒకటి రెండు చిరుతలకు కట్టిన పట్టీ ఆ రెండింటి కథే చెబుతుంది, మీరు అడిగిన సంఖ్యను చెప్పదు. న్యూ మెక్సికోలోని సాన్ ఆండ్రెస్ కొండల్లో మంచు, కుక్కల ఆసరా లేకుండా కాలి ఉచ్చులతో కొండసింహాలను పట్టి అధ్యయనం చేసిన లోగన్, స్వీనర్‌లు ఆ ఒక్క పనికే 1985 నుంచి 1995 వరకు పదేళ్లు వెచ్చించారు. మీకున్నది ఒక్క విద్యాసంవత్సరం.

ప్రశ్న వేసినవారి స్పందన: ఉదయగిరి విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ చదివాక సంఖ్య కన్నా ఆహారం మీదే దృష్టి పెట్టడం నా స్థోమతకు తగినదని అనిపిస్తోంది. పట్టీ లేనప్పుడు వేట జరిగిన చోటు నాకు ఎలా తెలుస్తుంది? మలం సేకరించి పరీక్షిస్తే చాలునా? మేకను చంపింది చిరుతో కాదో కళేబరాన్ని చూసి చెప్పగలమా?

జవాబు: వన్యప్రాణి పరిశోధకుడు, ఒంగోలు

మంచి నిర్ణయం. నిజానికి మలం కొన్ని విషయాల్లో పట్టీ కంటే మెరుగు. చుక్కల గుంపు పడాలంటే జంతువు ఒకే చోట చాలాసేపు ఉండాలి. కుందేలును, కుక్కను, మేకపిల్లను చిరుత కొద్ది గంటల్లో ముగించి వెళ్లిపోతుంది కనుక అలాంటి చిన్న వేటలు పటం మీద కనబడవు, మలంలో మాత్రం వెంట్రుకలుగా మిగులుతాయి. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతంలో పొలాల మధ్య బతికే చిరుతల మలాన్ని పరీక్షించినప్పుడు, తిన్న బరువులో 87 శాతం పెంపుడు జంతువులదనీ, అందులోనూ మేకలు కాక కుక్కలే అన్నిటికంటే ముందున్నాయనీ, వాటి వాటా 39 శాతమనీ తేలింది. మేకలు ఆ ప్రాంతంలో కుక్కలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఊళ్లో తిరిగి అడిగితే ఈ జవాబు వచ్చేది కాదు, ఎందుకంటే మేక పోతే యజమాని ఫిర్యాదు చేస్తాడు, వీధికుక్క పోతే పట్టించుకునేవారు ఉండరు. మీ సర్వేకు కూడా ఇదే ప్రమాదం ఉంది.

పనిలో ముఖ్యమైన జాగ్రత్త, ఆ మలం చిరుతదేనని నిర్ధారించుకోవడం. హైనా, నక్క, అడవిపిల్లి కూడా అవే బాటల మీద విసర్జిస్తాయి. హైనా ఎముకలు నమిలి మింగుతుంది కనుక దాని మలం ఎండినకొద్దీ సున్నంలా తెల్లబడుతుంది. మిగతావాటిని పరిమాణం చూసి చెప్పడం నమ్మదగినది కాదు. పక్కనే గీరిన గుర్తు, అడుగు ఉంటే రాసుకోండి, అనుమానమున్నవాటిని పక్కన పెట్టండి. కొన్నింటి పైపొరను స్పిరిట్‌లోనో, సిలికా జెల్‌లోనో భద్రపరిస్తే తర్వాత జన్యు పరీక్షకు పంపవచ్చు. మిగిలినదాన్ని జల్లెడలో కడిగి, వెంట్రుకలను సూక్ష్మదర్శిని కింద చూసి, పొలుసుల అమరికను, లోపలి నాళం తీరును మీరు ముందే తయారుచేసుకున్న నమూనాలతో పోల్చాలి. అందువల్ల మీ తొలి పని అడవిలో కాదు, ఊళ్లో మొదలవుతుంది: మేక, గొర్రె, దూడ, కుక్క వెంట్రుకల నమూనాలు సేకరించండి. దుప్పి, కణితి, అడవిపంది, కుందేలు వెంట్రుకలను అటవీశాఖ అనుమతితో సంపాదించాలి. వానలకు మలం కొట్టుకుపోతుంది, ఎండాకాలంలో పేడపురుగులు, చెదలు దాన్ని ఉంచవు. ఎంచుకున్న బాటలను ముందు ఒకసారి శుభ్రం చేసి, అటుపై నిర్ణీత వ్యవధిలో నడిస్తే కొత్తవి ఏవో తెలుస్తుంది.

కళేబరం విషయంలో చర్మం ఒలిచి చూడటమే మార్గం. చిరుత సాధారణంగా గొంతు పట్టుకుంటుంది. కోరలు దిగిన చోట చర్మం కింద రక్తం గడ్డకట్టి కనబడుతుంది. కుక్కలు చంపితే వెనకకాళ్లు, తొడలు, పక్కలు అనేక చోట్ల చీలి ఉంటాయి. రోగంతో చచ్చినదాన్ని తర్వాత ఏదో కొరికితే గాయం ఉంటుంది గానీ దాని కింద రక్తపు గడ్డ ఉండదు, ఎందుకంటే ఆ సరికి రక్తప్రసరణ ఆగిపోయి ఉంటుంది.

జవాబు: విశ్రాంత అటవీ ఉద్యోగి, రాపూరు

ఒక మాట కలుపుతాను. కళేబరాన్ని ఒలిచే ముందు బీట్ ఆఫీసరుకు, పశువైద్యుడికి కబురు పెట్టండి. నష్టపరిహారానికి వారి పంచనామా ఆధారం. మీరు ముందే కోసి చూస్తే కాపరికి రావలసిన సొమ్ము ఆగిపోతుంది, ఆ తర్వాత ఆ పల్లెలో మీకు ఇంకెవరూ కబురు చెప్పరు. వారితో కలిసి వెళ్లి, వారి పని అయ్యాక మీ కొలతలు తీసుకోండి. చుట్టుపక్కల పొదల్లో అడవిపందుల కోసం వేసిన తీగ ఉచ్చులు, కరెంటు తీగలు ఉన్నాయేమో కూడా చూడండి. చిరుతలు వాటిలో పడి చావడం కొత్త కాదు. కనబడితే తాకవద్దు, ఫోటో తీసి స్థానం రాసుకుని రేంజ్ కార్యాలయానికి చెప్పండి. దరఖాస్తు మాత్రం వానలు మొదలయ్యేలోపే పెట్టండి, జనవరికి చేతికి రావాలంటే ఆ వ్యవధి అవసరం.